ఒంటిగంట గేటు

స్వరాజ్యం టీచర్‌కు కోపమొస్తే చేతిలో చాక్‌పీసు విరుగుతుంది. ఈ సంగతి బడిలో నీళ్లు పట్టే ఆయమ్మ నుంచి పదో తరగతి పిల్లల దాకా అందరికీ తెలుసు. టక్కున చప్పుడు వినపడితే చాలు, వెనక బెంచీలవాళ్లు కూడా వెన్ను నిటారుగా పెడతారు. ఆ మంగళవారం మాత్రం చాక్‌పీసు విరిగింది క్లాసులో కాదు, బడి సంఘం అధ్యక్షుడి గదిలో.

సూరత్‌లో సాంచలు, అంటే పవర్‌లూములు, నడుపుకుని బతికే తెలంగాణ నేతవాళ్లు తలా కొంత వేసుకుని పెట్టుకున్న బడి అది. పిల్లలు తెలుగులో నాలుగు ముక్కలు నేర్చుకోవాలని వాళ్ల ఆశ. కట్టడమైతే వాళ్లు కట్టారు గానీ, పెత్తనం కుర్చీలో కూర్చోవడం తెలిసినవాళ్ల చేతికి పోయింది. ఇప్పుడా కుర్చీలో ఉన్నది నాగభూషణం. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు, కొడుకుతో కలిసి మార్కెట్లో చీరల దుకాణం పెట్టాడు, మిగిలిన తీరికలో బడిని ఉద్ధరిస్తున్నాడు.

"మీ తొమ్మిదో తరగతికి సమస్యా పరిష్కారం పాఠమే కదమ్మా నడుస్తోంది?" అంటూ ఆయన ఒక కాగితం ముందుకు తోశాడు. "వ్యాసం ఇస్తే అందులో సమస్య ఏది, కారణం ఏది, పరిష్కారం ఏది విడదీసి చెప్పడం. చాలా మంచి పాఠం. నేనే ఒక పేరా రాశాను. ఆదివారం తల్లిదండ్రుల సమావేశంలో దీని మీద నమూనా పాఠం చెప్పండి."

స్వరాజ్యం చదివింది. తొమ్మిదో తరగతి బాలికలు మధ్యాహ్నం తరగతులకు హాజరు కావడం లేదట. ఇది తీవ్రమైన సమస్య అట. తల్లిదండ్రులకు అవగాహన లేకపోవడం, బాలికలకు చదువు మీద ఆసక్తి తగ్గడం కారణాలట. కావున మధ్యాహ్నం పూట బాలికలకు బడి పై అంతస్తులోనే చీరలకు రాళ్లు అతికించే శిక్షణ ఇవ్వాలని సంఘం సంకల్పించిందట. తద్వారా వారు చదువుతోపాటు స్వావలంబన సాధిస్తారట.

చివరి వాక్యం దగ్గర చాక్‌పీసు విరిగింది.

"గేటు సంగతి ఇందుల లేదేంది సార్?"

"గేటు క్రమశిక్షణకు సంబంధించింది. ఇది చదువుకు సంబంధించింది. రెండూ కలపకండి."

కలపక ఏం చేయాలి? ఈ బడికి ఆ గేటు తప్ప వేరే సమస్య లేదు. పొద్దున ఏడింటికి తండ్రులు సాంచల మీదికి పోతారు. అప్పటికి వంట కాదు. మధ్యాహ్నం సాంచలు వదిలి ఇంటికొస్తే కార్ఖానా సేట్ ఊరుకోడు. తల్లులు చీరల దారాలు కత్తిరించే పనికి పోతారు. కాబట్టి పన్నెండింటికి అన్నానికి బడి వదలగానే ఆడపిల్లలు ఇంటికి పరుగెత్తి, డబ్బా తీసుకుని, రైలు పట్టాలు దాటి కార్ఖానాకు పోయి నాయినలకు అన్నమిచ్చి వస్తారు. వచ్చేసరికి ఒంటిగంట. దీపావళి సెలవుల ముందు దాకా గేటు ఊరికే దగ్గరికి వేసి ఉండేది. తోసుకుని వచ్చి కూర్చునేవాళ్లు. సెలవుల తర్వాత నాగభూషణం కొత్త రూలు పెట్టాడు. పన్నెండున్నరకు తాళం. ఇక సాయంత్రమే తీయడం.

తాళం వేసినవాడే వచ్చి, పిల్లలు బయట ఎందుకున్నారని వ్యాసం రాస్తున్నాడు!

"పిల్లలే లేచి సమస్య ఇది, పరిష్కారం ఇది అని చెప్పాలమ్మా," అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "పిల్లల నోటి వెంట వస్తే తల్లిదండ్రులు కాదనరు. అన్నట్టు, మీ కాంట్రాక్టు ఏప్రిల్‌తో అయిపోతుంది కదూ?"

ఆరోగ్యం ఎలా ఉందని అడిగినంత మెత్తగా అడిగాడు. స్వరాజ్యానికి అరికాలి మంట నడినెత్తికెక్కింది. కాగితం ఆయన మొహాన కొట్టి వద్దామనిపించింది. కొడితే ఏమవుతుంది? ఆదివారం ఈ పేరా ఇంకెవరో చెబుతారు, పిల్లలు చిలకల్లా ఒప్పజెబుతారు, సోమవారం నుంచి పై అంతస్తులో జిగురు వాసన మొదలవుతుంది. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. పిల్లలకు దాన్ని ముందుగా చూపించకూడదని, పాఠం మాత్రం ఎముకలోకి దిగేటట్టు చెప్పాలని మెట్లు దిగేలోపే నిశ్చయించుకుంది.

మర్నాడు బోర్డు మీద నాలుగు గడులు గీసింది. సమస్య, కారణం, పరిష్కారం, ఫలితం.

"ఎలుకల మీద కోపంతోని ఇంటికి నిప్పు పెట్టినట్టు. ఇందుల సమస్య ఏంది?"

"ఎలుకలు, టీచర్!"

"పరిష్కారం?"

"నిప్పు!"

"సమస్య తీరిందా?"

"తీరింది టీచర్, ఎలుకలు సచ్చినయ్," అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. క్లాసంతా గొల్లుమంది.

"మరి నువ్వు రాత్రి యాడ పంటవురా?" అని స్వరాజ్యం అడిగేసరికి వాడు నాలుక కరుచుకున్నాడు.

ముందు బెంచీలో నీరజ లేచింది. సాంచలు నడిపే నర్సింగం కూతురు. పొద్దున క్లాసులో అందరికంటే ముందు చేయెత్తే పిల్ల. మధ్యాహ్నం హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన దీపావళి నుంచీ గైర్హాజరే.

"టీచర్, కారణం గడి ఖాళీగనే ఉన్నది. ఎలుకలు ఎందుకొచ్చినయో సూడాలె. బియ్యం మూటకు మూతి కట్టకుంటే ఒస్తయ్. మూతి కడితే అయిపాయె, నిప్పెందుకు?"

స్వరాజ్యం ఆ పిల్లను ముద్దు పెట్టుకుందామనుకుని, టీచర్ననే సంగతి గుర్తొచ్చి ఆగింది. "గదే పాఠం. పరిష్కారం పోయి కారణానికి తగలాలె. తగలకుంటే రెండు సంగతులు. రాసినోనికి కారణం తెల్వకనన్నా ఉండాలె, లేకుంటే ఆ పరిష్కారం ఇంకేదో సమస్యకు రాసిందన్నా కావాలె. అప్పుడు మనం అడగాలె, గిది ఎవరి సమస్య అని."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను అదే రకంగా గడుల్లోకి విడదీశారు. పాలు మాడితే స్టవ్‌ను తిట్టే అమ్మను విడదీశారు. బస్సు ఆలస్యమైందని కండక్టర్‌ను కొట్టిన వార్తను విడదీశారు. పన్నెండు కాగానే బెల్లు మోగింది, ఆడపిల్లల బెంచీలు ఖాళీ అయ్యాయి.

ఒంటిగంటకు స్వరాజ్యం పై వరండాలో నిలబడి చూసింది. గేటు బయట నీరజ, ఇంకో ఇద్దరు పిల్లలు. చేతుల్లో ఖాళీ డబ్బాలు. గేటు లోపల స్టూలు మీద వాచ్‌మన్ సోమలింగం. ముప్పై ఏళ్లు సాంచల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. అరిచినా వినపడదు కాబట్టి పిల్లలు అరవలేదు. నీరజ చువ్వల సందులోంచి చేయి పెట్టి, వేళ్లతో తాళం తిప్పినట్టు చూపించింది. సోమలింగం కళ్లజోడు సర్దుకున్నట్టు నటించి, చేయి అడ్డంగా ఊపాడు. అధ్యక్షుడు ఒద్దన్నాడని.

సాంచలు నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని కార్ఖానాలో అందరూ చేతులతో మాట్లాడతారు. రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగింది. పొట్ట మీద చేయి గుండ్రంగా తిప్పితే సేట్ వస్తున్నాడు. పిడికిలి బిగించి పక్కకు గుంజితే సాంచ ఆపు. డబ్బాలు తీసుకుపోయే పిల్లలకు అక్షరాల కంటే ముందు ఈ సైగలొస్తాయి. ఇంకో అలవాటుంది. ఎదుటివాడు ఏం చెప్పినా కార్ఖానా మనిషి తలూపుతాడు. కనిపించింది, తర్వాత చూస్తా అని దానర్థం. ఒప్పుకున్నానని కాదు.

స్వరాజ్యం రెండేసి మెట్లు దిగి వచ్చింది. "తాళంచెవి ఇటియ్యి కాకా."

సోమలింగం ఆమె పెదవులు చూసి చదివాడు. నడుముకు కట్టుకున్న తాళంచెవిని చేత్తో కప్పుకున్నాడు. "నా కొలువు పోతది బిడ్డా."

ఆమె తిట్టబోయి మింగింది. ముసలాయనను తిట్టి ఏం లాభం? ఈలోపు గేటు బయట పిల్లలు వెనక్కి తిరిగారు. నీరజ రెండుసార్లు తిరిగి చూసింది. ఆ రోజు మధ్యాహ్నం స్వరాజ్యం చెప్పిన పాఠం మగపిల్లలెవరికీ తలకెక్కలేదు, ఎందుకంటే ఆమె అరుస్తూనే ఉంది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, బెంచీల్లో కూర్చోవడం తప్ప.

ఆదివారం సాంచలకు సెలవు. హాలు నిండింది. డబ్బాలు మోసే పని లేదు కనుక తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఒక్కరు తప్పకుండా వచ్చారు. ఊరి చివర కోసాడ్‌లో సర్కారు క్వార్టర్లకు మారినవాళ్లు కూడా బస్సెక్కి వచ్చారు. తల్లులు ముందు వరుసల్లో, తండ్రులు అలవాటుగా గోడకు చేరబడి వెనక. నర్సింగం పక్కన అతని కొడుకు రాజు కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం అన్నం తిని మైదానంలో క్రికెట్ ఆడే అదృష్టవంతుడు.

నాగభూషణం మైకు పట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. మైకు కీచుమంది, పైన ఫ్యాన్లు గరగరమన్నాయి. అవగాహన, స్వావలంబన, మహిళా వికాసం. సాంచల మోతకు చెవులు పోయి వెనక వరుసల్లో సగం మందికి ఒక్క ముక్క వినపడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా అలవాటు ప్రకారం అందరూ తలలూపారు.

"చూశారా, అందరూ ఏకగ్రీవంగా తలలూపుతున్నారు!" అని ఆయన మురిసిపోయాడు. "ఇక పిల్లలే చెబుతారు. మొదలుపెట్టండమ్మా."

స్వరాజ్యం బోర్డు మీద నాలుగు గడులు గీసింది. నవత అనే పిల్ల లేచి పేరా గట్టిగా చదివింది. చదువుతున్నకొద్దీ ఆ పిల్ల గొంతు సన్నబడింది. ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చదువు మీద ఆసక్తి లేనిది తమకేనని అప్పుడే తెలిసింది వాళ్లకు.

"సమస్య?" అంది స్వరాజ్యం.

"బాలికలు మధ్యాహ్నం తరగతులకు హాజరు కాకపోవడం," అంది నవత. నాగభూషణం తృప్తిగా వెనక్కి వాలాడు.

"కారణం?"

నీరజ లేచింది. "పేరాల రాసిన కారణం చెప్పాల్నా టీచర్, ఉన్న కారణం చెప్పాల్నా?"

స్వరాజ్యానికి ఏప్రిల్ గుర్తొచ్చింది. ఇంటద్దె గుర్తొచ్చింది. గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగిన మొహం కూడా గుర్తొచ్చింది.

"రెండూ చెప్పు."

"రాసింది, మాకు సదువు మీద ఇష్టం లేదని. ఉన్నది, గేటుకు తాళం."

చెబుతుంటే ఆ పిల్ల చేతులు వాటంతటవే లేచాయి. కళ్లు వెనక వరుస మీద ఉన్నాయి. వేళ్లతో డబ్బా పట్టుకున్నట్టు, నడిచినట్టు, తాళం తిప్పినట్టు. గోడకు చేరబడ్డ తండ్రులు నిటారుగా అయ్యారు. ఇంతసేపటికి వాళ్ల భాషలో ఒక మాట వినపడింది.

"పేరాల పరిష్కారం ఏంది?"

"సీరెలకు రాళ్లు అంటించుడు."

"కారణానికి తగిలిందా?"

"తగల్లే టీచర్. రాళ్లు అంటిస్తే తాళం ఊడది." ముందు వరుసలో ఒక తల్లి కిసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి ఈ పరిష్కారం ఎవరి సమస్యకు తగులుతది?"

వారమంతా స్వరాజ్యం గొంతులో అడ్డుపడి ఉన్న ప్రశ్న అది. నీరజ నోటితోనూ చేతులతోనూ కలిపి మెల్లగా చెప్పింది.

"ఆ సమస్య పేరాల లేదు టీచర్, మార్కెట్ల ఉన్నది. సారు దుకాణం ముందట గుజరాతీల రాసిన బోర్డు పెట్టిండ్రు, సీరెలకు రాళ్లు అంటించెటోళ్లు కావాలె అని. దివాళీ కాడికెల్లి గట్లనే ఉన్నది. అమ్మ అడిగితే నేనే సదివి చెప్పిన. మనుషులు దొరుకుతలేరు. అది సమస్య." రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "పరిష్కారం, మేము."

నాగభూషణం చివాలున లేచాడు. "ఏం మాటలివి? నేను నా లాభం కోసం చేస్తున్నానా? నా దుకాణానికీ దీనికీ సంబంధమేమిటి?"

లాభం అన్న మాట ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే అన్నాడు. ఆ మాట వినపడ్డ తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు.

వెనక నర్సింగం లేచి నిలబడ్డాడు. నోరు తెరవలేదు. పిడికిలి బిగించి పక్కకు గుంజాడు. అతని పక్కవాడు లేచి పిడికిలి గుంజాడు. ఆ పక్కవాడు. గోడ పొడుగునా మగవాళ్లు ఒక్కొక్కరే లేచి, చప్పుడు లేకుండా అదే సైగ చేశారు. నాగభూషణం బిక్కమొహం వేశాడు. మూడేళ్లుగా వీళ్ల బడికి పెద్ద, వీళ్ల చేతులు ఏం మాట్లాడతాయో తెలియదు.

"ఏమిటమ్మా అది? ఏమంటున్నారు?"

"సాంచ ఆపుమంటున్నరు సార్."

"ఏ సాంచ?"

"మీరు నడుపుతున్నది."

తలుపు దగ్గర నిలబడ్డ సోమలింగం అందరి చేతులూ చూశాడు. నడుము దగ్గర తాడు విప్పుకుని, కుర్చీల మధ్యలోంచి మెల్లగా నడిచొచ్చి, తాళంచెవిని స్వరాజ్యం ముందున్న బల్ల మీద పెట్టాడు. పెట్టి, అధ్యక్షుడి వైపు చూడకుండా వెనక్కి పోయాడు.

"మీరు చెప్పించిందే ఇదంతా," అన్నాడు నాగభూషణం ఆమెకు మాత్రం వినపడేటట్టు. "ఏప్రిల్ తర్వాత ఈ బడిలో మీకు చోటుండదు."

"ఏప్రిల్ దాకనైతే ఉన్నది కద సార్. అందాక పాఠం చెప్పుకుంట. కూసోండి, పాఠం అయిపోలే."

నిజంగానే అయిపోలేదు. నీరజ ఇంకా నిలబడే ఉంది.

"టీచర్, ఒక సమస్యకు రెండు కారణాలు ఉండొచ్చన్నరు కదా."

"అన్న. చెప్పు."

నీరజ ఈసారి నోరు విప్పలేదు. తండ్రి వైపు తిరిగింది. చేతిలో డబ్బా ఉన్నట్టు చూపించింది. తన వైపు వేలు పెట్టుకుంది. తర్వాత తమ్ముడు రాజు వైపు వేలు చాపి, అరచేయి పైకి తిప్పింది. వీడెందుకు మొయ్యడు?

ఇంతసేపూ ప్రతి సైగనూ కళ్లతో తాగిన నర్సింగం ఉన్నట్టుండి పైన ఫ్యాను వైపు చూశాడు. అతని పక్కవాడు చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. ఆ పక్కవాడికి దగ్గొచ్చింది. ఇంతకు ముందే అధ్యక్షుడి సాంచ ఆపిన మొనగాళ్లందరికీ ఒక్కసారిగా చూపు మందగించింది.

టక్కున చాక్‌పీసు విరిగింది. ముందు వరుసలోని తల్లులు కూడా వెన్ను నిటారుగా పెట్టారు.

"ఏంది నర్సింగన్నా, ఇప్పుడు కనవడుతలేదా?" స్వరాజ్యం గొంతు మైకు లేకుండానే గోడ దాకా పోయింది. చెవులు పోయినవాళ్లకు కూడా వినపడింది. "తాళం ఆయన ఏసిండు, ఒప్పుకుంట. డబ్బా ఆడపిల్ల నెత్తిన పెట్టిందెవరు? ఆయన పెట్టిండా? కొడుకు చేతికిస్తే అరిగిపోతడా? దొంగ చేతికి తాళాలిచ్చి పిల్లల్ని మనమే గేటు బయట నిలబెట్టుకున్నం, ఆయన్నొక్కన్నే అంటే ఏం లాభం?"

ముందు వరుసలో నర్సింగం భార్య వెనక్కి తిరిగి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. నర్సింగం గొంతు సవరించుకున్నాడు. తలూపాడు.

నీరజ కూర్చోలేదు. "తలూపుడు ఒద్దు బాపు. నోటితోని చెప్పు."

నర్సింగం చెవులు పోయిన మనిషి. తన గొంతు ఎంత గట్టిగా పలుకుతుందో తనకే తెలియదు. అందుకని అతను అన్న మాట హాలంతా మోగి, కిటికీలోంచి బయట గల్లీలో కూరగాయల బండివాడికి కూడా వినపడింది.

"సోమారం కాడికెల్లి సద్ది డబ్బా రాజుగాడు తెస్తడు!"

"నేనా?" అన్నాడు రాజు.

"నువ్వే," అంది తల్లి ముందు వరుస నుంచి.

స్వరాజ్యం విరిగిన చాక్‌పీసులో పెద్ద ముక్క ఏరుకుని బోర్డు వైపు తిరిగింది. కారణం గడిలో రెండు కారణాలూ రాసింది. అధ్యక్షుడి పరిష్కారాన్ని కొట్టేసి, దాని కింద గేటు, రాజు అని రాసింది. ఫలితం గడిని మాత్రం ఖాళీగా వదిలి తాళంచెవి పిడికిట్లోకి తీసుకుంది. ఆ గడి సోమవారం ఒంటిగంటకు గేటు దగ్గర నిలబడి నింపాల్సింది.